తోటమాలి రక్తం

"ఇది దోన్ ఫిదెన్సియో రక్తం కానే కాదు," అంది డాక్టర్ మిర్నా, గాజు గొట్టాన్ని బల్ల మీద పెడుతూ. "మధుమేహం వార్డు నుంచి వచ్చిన రక్తాన్నే రెండుసార్లు పోసుంటావు నువ్వు."

ప్రయోగశాలలో సహాయకురాలు లాండీ తల అడ్డంగా ఊపింది. పేర్లు ఒకటికి రెండుసార్లు చూసుకునే పోశానని చెప్పింది. మిర్నా వినిపించుకునే స్థితిలో లేదు. ఏడాది పాటు పడ్డ శ్రమంతా శుక్రవారం పరిశోధన సంస్థ పెద్దల ముందు పెట్టాలి. తెల్ల రక్తకణాలు తినే తిండికీ, క్రిములతో పోరాడే సత్తువకీ సంబంధమేమిటన్నదే ఆ పని. పన్నెండుమంది ఆరోగ్యవంతులు, పన్నెండుమంది రోగులు, అందరూ పరగడుపునే రక్తమివ్వాలి. ఆరోగ్యవంతుల కణాలు చక్కెరను చకచకా కరిగించి, ఆ బలంతో క్రిముల మీద పడి మింగేస్తాయి. మధుమేహం ఉన్నవాళ్ళవి చుట్టూ బోలెడంత చక్కెర ఉన్నా వాడుకోలేక, క్రిమి పక్కనే ఉన్నా మొద్దుల్లా పడుంటాయి. వాళ్ళకి చిన్న గాయమైనా ఓ పట్టాన మానదంటే అందుకే. పదకొండుమంది ఆరోగ్యవంతుల దగ్గర అంతా అనుకున్నట్టే వచ్చింది. పన్నెండోవాడు సంస్థ తోటమాలి ఫిదెన్సియో. అరవై దగ్గరపడుతున్నా సపోటా చెట్టెక్కి కొమ్మలు నరికే మనిషి. ఆయన కణాలు మొద్దుల్లా పడుండటమేమిటి, విడ్డూరం కాకపోతే.

"చేతకాకపోతే చెప్పు, ఇంకొకరిని చూసుకుంటాను," అనేసింది మిర్నా.

తలుపు తెరిచే ఉంది. ఆ మాట తోట దాకా వినపడింది. లాండీ ఏడుస్తూ వరండాలోకి వెళ్ళిపోయింది. మొగుడు వదిలేసిన పిల్ల, ఇంట్లో రెండేళ్ళ బిడ్డ. నెలాఖరుకు ఆమె ఉద్యోగం ఉంచాలో తీసెయ్యాలో తేల్చాల్సింది మిర్నాయే.

అరగంట గడిచాక ఫిదెన్సియో వచ్చాడు. తాటాకు టోపీ చేత్తో పట్టుకుని, నేల చూపులు చూస్తూ గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఆ పిల్లనేమీ అనకండి డాక్టరమ్మా. తప్పు నాది."

"మీదా?"

"సోమవారం తినేసి వచ్చాను. రెండు తీపి రొట్టెలు, పెద్ద గ్లాసుడు తియ్యటి ఓర్చాటా పానకం. ఆకలికి ఆగలేకపోయాను. పరగడుపునే ఉన్నానని మీతో అబద్ధమాడాను."

మిర్నాకు ముందు ఒళ్ళు మండింది. ఆ వెంటనే లాండీ ముఖం గుర్తొచ్చి సిగ్గేసింది. అభం శుభం ఎరగని పిల్లను నోటికొచ్చినట్టు అన్నాను కదా అనుకుంది. రెండు రొట్టెలకే కణాలు ఇంతలా మొద్దుబారతాయా అన్న అనుమానం ఒక్క క్షణం కలిగింది. మళ్ళీ ఓసారి రక్తం తీసి చూద్దామా అనుకుంది కూడా. కానీ శుక్రవారం ముంచుకొస్తోంది, తిన్నానని మనిషే ఒప్పుకుంటున్నాడు, ఇంకేం కావాలి?

"ఇంత వయసొచ్చి ఇదేం పని? మీ మీద ఎంత నమ్మకం పెట్టుకున్నాను," అని ఆయన పేరు కొట్టేసింది.

ఆయన టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. మిర్నా లాండీని పిలిచి, పొరపాటైంది, క్షమించమంది. నెలాఖరుదాకా ఆగకుండానే ఉద్యోగం పొడిగిస్తూ కాగితం మీద సంతకం కూడా పెట్టేసింది.

శుక్రవారం బాగానే గడిచింది. పదకొండుమందితోనే పెద్దలు మెచ్చుకున్నారు. కానీ మిర్నాకు సంతోషం నిలవలేదు. ఫిదెన్సియో తోటలో కనపడటం మానేశాడు. వారమైంది, రెండు వారాలైంది. తండ్రి వయసు మనిషిని రెండు రొట్టెల కోసం తలెత్తుకోకుండా చేశానే అని ఆమెకు అన్నం సయించలేదు. మూడో ఆదివారం కిలో కొచినీతా పంది మాంసం పొట్లం కట్టించుకుని, ఊరి చివర ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది.

ఆయన భార్య సొకోర్రో తలుపు తీసింది. లోపల తాళ్ళ ఊయలలో ఫిదెన్సియో మూలుగుతూ నిద్రపోతున్నాడు. ఒక కాలికి గుడ్డ చుట్టి ఉంది.

నిమ్మచెట్టు కొమ్మలు కత్తిరిస్తుంటే కాలివేలికి ముల్లు గుచ్చుకుందట. చీమ కుట్టినంత గాయం. ఏ పసరు పూసినా మానటంలేదని, వేలు నల్లబడుతోందని, ఆస్పత్రికి రమ్మంటే ముల్లుకి ఆస్పత్రేమిటని నవ్వేస్తాడని సొకోర్రో వాపోయింది. మిర్నా రేపే తన కారులో తీసుకెళ్తానంది. తర్వాత, వచ్చిన పని గుర్తొచ్చి, ఆమె చేతులు పట్టుకుంది.

"ఆ రోజు తిని వచ్చారని ఆయన్ని చాలా మాటలన్నాను. నా మనసేమీ బాగాలేదు. నాకు కోపం లేదని మీరైనా చెప్పండి."

"ఏ రోజు?"

"రక్తమిచ్చిన సోమవారం. తీపి రొట్టెలు తిన్నారట కదా."

సొకోర్రో అయోమయంగా చూసింది. ఊయల వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది.

"ఆ పూట ఆయన పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు డాక్టరమ్మా."