సద్దులకు తోడు

తలుపు చప్పుడైతే చాలు, సత్యశ్రీ గుండె జారిపోయేది.

ఇస్నాపూర్‌లోని ఆ బిల్డింగ్ నిండా ఫ్యాక్టరీలకు పోయేవాళ్లే. మేడ మీది రేకుల గదిలో మాత్రం ఆమె ఒక్కతే. ఎండాకాలంలో వచ్చి దూరింది, వానలు వెనకబట్టినా గడప దాటలేదు. కిటికీకి దుప్పటి కట్టేసింది. కావలసినవన్నీ ఫోన్లో తెప్పించుకునేది. తెచ్చినవాడు మెట్లు దిగి వెళ్లాకే తలుపు తీసేది. ఎవరైనా గుర్తుపట్టారంటే తన బతుకు అక్కడితో సరి. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

అలాంటిది, పుష్పమ్మకు తలుపు తీసింది.

పుష్పమ్మ శ్రావణంలో కింది గదికి కిరాయికి వచ్చింది. పక్కనే కర్దనూరులో సొంతిల్లు, పొలం ఉన్న మనిషి. ఇక్కడెందుకమ్మా అని ఇరుగుపొరుగు అడిగితే, "గా ఇంట్ల మనసు వడ్తలేదు" అని ఊరుకుంది. పైన సత్యశ్రీ జ్వరమొచ్చి, తిండీతిప్పలూ లేక పడి ఉన్న రోజున దగ్గు విని పైకెక్కింది. మూసిన తలుపు ముందు కూర్చుని మాట్లాడింది.

"జొన్నరొట్టె తెచ్చిన. తియ్యకుంటే ఈడనే వెట్టి పోత. కుక్క తింటది. ఇగ నీ ఇష్టం."

ఆకలికి సిగ్గేమిటి? తలుపు తెరుచుకుంది.

వాళ్లిద్దరికీ స్నేహం కుదిరిందంటే ఎవరూ నమ్మరు. సత్యశ్రీ వాళ్లది కాకినాడ వైపు. తండ్రి సర్కారు ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి, ఆ ఫ్యాక్టరీ కాలనీలోనే స్థిరపడ్డాడు. ఆమెది ఇంగ్లీషు మీడియం చదువు. పుష్పమ్మ వేలిముద్ర మనిషి. అయినా సాయంత్రమయ్యేసరికి ఆ మెట్ల చప్పుడు కోసం సత్యశ్రీ చెవులు రిక్కించేది.

"ఎవలికి భయపడి దాగినవ్ బిడ్డా?" ఓ రోజు అడిగింది పుష్పమ్మ.

"మా ఆయనకి పిన్నీ." పళ్లు కొరికింది సత్యశ్రీ. "చేసిందంతా వాడు. వాడేమో కార్లో దర్జాగా తిరుగుతున్నాడు. నేను ఎలుకలా ఈ కలుగులో పడున్నాను. నా ఉసురు తగలకపోదు."

"ఉసురు గిసురు ఉత్తమాట. గోస వెట్టినోళ్లను సల్లగ ఉండనియ్యొద్దు. మనమే సూడాలె."

"పోలీసులకు చెప్పమంటావా?"

"ఆళ్లేం జేస్తరు? దొరకలే, దొరకలే అంటరు. నలుగురి ముంగట నిలవెట్టాలె. మొకం మీద అడగాలె. గప్పుడు సల్లవడ్తది కడుపు."

ఆ మాటలు వింటుంటే సత్యశ్రీకి సగం కసి తీరినట్టుండేది. ఇక అదే వాళ్ల కాలక్షేపమైంది. పుష్పమ్మ కారం నూరుతూ తిట్టేది. సత్యశ్రీ ఎల్లిపాయలు వలుస్తూ తిట్టేది. తిట్టీ తిట్టీ అలిసిపోయి, అప్పుడు అన్నాలు తినేవాళ్లు.

"మా అమ్మ కూడా నన్నింత బాగా చూసుకోలేదు పిన్నీ," అంది సత్యశ్రీ ఓసారి. పుష్పమ్మ ఆమె పళ్లెంలో ఇంకో రొట్టె వేసింది.

సద్దుల బతుకమ్మ వచ్చింది.

"ఇయ్యాల నాతోని రావాలె," అంది పుష్పమ్మ.

"నేనా? కాలనీలో మేమెప్పుడూ ఆడలేదు. నాకేం తెలుసు?"

"సప్పట్లు కొట్టుడే. గంతే."

"నన్నెవరైనా గుర్తుపడితే?"

"గంత మందిల ఎవలు సూస్తరు? ఎన్నొద్దులు దాగుతవ్ ఇంక? నేనుంట గద పక్కన."

పుష్పమ్మే తల దువ్వి జడ వేసింది. చీర కుచ్చిళ్లు సర్దింది. గడప దగ్గర సత్యశ్రీ మాస్కు పెట్టుకోబోతే లాగేసింది.

"పండుగపూట మొకం దాసుకుంటరా ఎవలన్న?"

వీధిలో గాలి మొహానికి తగలగానే సత్యశ్రీకి కన్నీళ్లాగలేదు. బతికానురా దేవుడా అనుకుంది. పుష్పమ్మ చెయ్యి పట్టుకుని, చిన్నపిల్ల మాదిరి ఊపుకుంటూ నడిచింది.

చిట్కుల్ మైదానం నిండా పూల బతుకమ్మలే. వాటి చుట్టూ పట్టుచీరల్లో ఆడవాళ్లు, చెవులు బద్దలయ్యే పాటలు. పుష్పమ్మ ఏ గుంపు దగ్గరా ఆగలేదు. అటు చివర కొందరు ఆడవాళ్లు మామూలు చీరల్లో నిలబడి ఉన్నారు. పుష్పమ్మను చూడగానే దారిచ్చారు. సత్యశ్రీని నడుమకు పోనిచ్చి, మళ్లీ చుట్టూ దగ్గరగా జరిగారు.

సత్యశ్రీ నవ్వుతూ అందరి మొహాలూ చూసింది. ఒక్కరూ నవ్వలేదు. చప్పట్లూ కొట్టలేదు.

"మన బతుకమ్మ ఏది పిన్నీ?"

పుష్పమ్మ ఆమె చెయ్యి వదల్లేదు. ఇంకా గట్టిగా పట్టుకుంది.

"సావైన ఇండ్లల్ల ఈ యేడు బతుకమ్మ పేర్చరు మేడమ్, మీ కంపెనీల మంటలు లేసి మా బిడ్డలు తలుపు కొట్టుకుంట సస్తుంటే తాళంచెవి నీ దగ్గరనే ఉండె గద."