చేతిపట్టీ తీర్పు

అన్యాయం జరిగిందెవరికి? వాంకూవర్‌లో చదువుకుంటున్న సలోమికి. ఎలా? గాఢనిద్ర పట్టిన చోటే మనిషికి ఇల్లని, అక్కడే ఉండే హక్కని చేతిపట్టీ తేల్చే కాలమది. సెలవులకు ఏలూరులోని పుట్టింటికి వచ్చిన సలోమికి తొలిరాత్రి కన్నంటుకోలేదు. పట్టీ ‘వాంకూవర్’ అంది.

“ప్రయాణపు బడలిక వదినా, రెండ్రోజులు ఆగు.”

“పట్టీ అబద్ధమాడుతుందా? నీ ఇల్లు అక్కడేనమ్మా!” అంటూ వదిన రాహేలు తలుపు తాళంలోంచి ఆమె వేలిముద్ర చెరిపేసింది.

ఆరేళ్ల తరువాత, ఏలూరు ఎండలకు తాళలేక రాహేలే వాంకూవర్‌లో సలోమి గడప తొక్కింది. సలోమి చారన్నం పెట్టి, మెత్తని పక్క వేసింది. తెల్లవారేసరికి రాహేలు కళ్లు ఎర్రబడ్డాయి. పట్టీ మీద ‘ఏలూరు’ వెలుగుతోంది.

“పగలూ రాత్రీ తారుమారయ్యాయే! రెండ్రోజులు ఆగవే, సలోమీ!”

“పట్టీ అబద్ధమాడుతుందా, వదినా?”

సలోమి ఆమె పెట్టెను గుమ్మం బయట పెట్టి తలుపు వేసుకుంది. ఆరేళ్లుగా అద్దె గది అనుకున్న చోటును తొలిసారి ‘మా ఇల్లు’ అనుకుంది. బాకీ పూర్తిగా తీరింది.