గంతల లెక్క

“ఎంత దూరం పారిందిరా?” అన్నాడు లెక్కలాయన, క్యాంటీన్‌లో టీ కప్పు వెనక నోరు దాచుకుని.

“తప్పు బావా. శుక్రవారం దాకా చెప్పకూడదు,” అన్నాడు బావమరిది.

“నేనేమైనా పరాయివాడినా? మీ అక్క మొగుణ్ణి!”

“అదే నా భయం. నీకు చెబితే అక్కకి, అక్కకి చెబితే అపార్ట్‌మెంటంతటికీ.”

రియాక్టర్‌లో ఘోర ప్రమాదం జరిగితే లోపలి ఇంధనం కరిగి, కింది కాంక్రీటు నేల మీద లావాలా పారుతుంది. ఎంత దూరం పారి గడ్డకడుతుందో చెప్పే కంప్యూటర్ లెక్క మీద ఈయన పన్నెండేళ్ళుగా కూర్చున్నాడు. లెక్కలు చేయడమే గానీ ఎవరినీ లెక్కచేయడని ఇంట్లో పేరు.

ఇప్పుడు పోటీ వచ్చింది. బావమరిది పనిచేసే పరీక్షశాలలో ఉత్తుత్తి ఇంధనాన్ని కరిగించి నేల మీద పోసి చూస్తారు. పోత సోమవారమని నోటీసు. ఇవాళ బుధవారం. నాలుగు బృందాలూ ఫలితం చూడకుండా, కళ్ళకు గంతలు కట్టుకున్నట్టు లెక్కేసి, తమ అంకెను కవర్లో పెట్టి సీలు వేయాలి. ఎవరిది నిజానికి దగ్గరైతే వాళ్ళ లెక్కతోనే కొత్త రియాక్టర్ కడతారు.

ఆ రియాక్టర్ ప్లానులో గోడ నాలుగు మీటర్లకే ఉంది. ఈయన లెక్క నాలుగు పాయింట్ ఆరు అంటోంది. అంటే లావా గోడను తాకుతుంది, ప్లాను మార్చాలి.

“ఒక్క అంకెరా! బతిమాలుకుంటున్నాను.”

బావమరిది అటూ ఇటూ చూశాడు.

“మూడు పాయింట్ ఒకటి. నీ ఒక్కడికే చెబుతున్నాను.”

లెక్కలాయన సీటుకు పరుగెత్తాడు. ప్రోగ్రాంలో లావా చిక్కదనం పెంచాడు. అది బుద్ధిగా మూడు పాయింట్ ఒకటి దగ్గర ఆగింది. పన్నెండేళ్ళ లెక్క పన్నెండు నిమిషాల్లో కరిగిపోయింది. గోడ గుర్తొచ్చి మనసు కాస్త గొణిగింది.

“గోడకి లేని గోడు నాకెందుకు?” అని దాని నోరు మూసి, కవరు మూశాడు.

శుక్రవారం హాల్లో పరీక్షశాల పెద్దావిడ కూర్చుంది. పక్కన నిలబడి బావమరిది కవర్లు చింపుతున్నాడు.

మొదటిది పోటీ బృందంలోని బట్టతలాయనది. “మూడు పాయింట్ ఒకటి.”

లెక్కలాయన ఉలిక్కిపడ్డాడు. ఏదో గుడ్డి దెబ్బలే అనుకున్నాడు.

రెండోది కళ్ళజోడావిడది. “మూడు పాయింట్ ఒకటి.”

ఆయన బావమరిది వైపు గుర్రుగా చూశాడు. నీ ఒక్కడికే అన్నాడే! వీడికి స్కూటర్ నేర్పింది ఎవరు? ఈ ఉద్యోగానికి దరఖాస్తు నింపింది ఎవరు? వీడికి జ్వరమొస్తే నాలుగు రోజులు ఆసుపత్రి బెంచీ మీద పడుకుంది ఎవరు?

మూడోది కూడా మూడు పాయింట్ ఒకటే.

నాలుగోది తనది. బావమరిది అదే గొంతుతో చదివాడు.

లెక్కలాయన లేచి దగ్గరికి వెళ్ళి, పళ్ళ మధ్య నుంచి అడిగాడు. “ఎంతమంది బావలున్నార్రా నీకు?”

“ఒక్కడే బావా,” అన్నాడు బావమరిది తలెత్తకుండా. “ఆ ఒక్కడూ రాయడనుకున్నాను.”

పెద్దావిడ నాలుగు కాగితాలూ వరసగా సర్దుకుని, “సోమవారం మా కొలిమి వెలగనే లేదు, నేల మీద ఒక్క చుక్క కూడా పడలేదండీ,” అంది.