బోదురుకప్పగారి మౌనోపన్యాసం

చెరువుగట్టు మీద బోదురుకప్పగారు మౌనం గురించి పొద్దున్నే ఉపన్యాసం మొదలుపెట్టారు. ఎండ నడినెత్తికొచ్చినా ఆపలేదు. ముందు వరసలో బాతుపిల్ల కేర్‌మని ఏడుపందుకుంది.

"ఆ పిల్లని అవతలికి తీసుకెళ్లమ్మా! వినే పద్ధతి తెలీదా?" అని కప్పగారు కసిరారు.

తల్లిబాతు సిగ్గుతో చితికిపోయి, పిల్లతో తుమ్మచెట్టు చాటుకి పోయింది.

"పాపం, ఒక్కత్తీ ఏం సముదాయిస్తుంది!" అంటూ గేదె లేచింది. దాని వెనకే తాబేలు, ఉడుత, ఎండ్రకాయ కూడా సాయానికి బయల్దేరాయి. కళ్లు మూసుకున్న కప్పగారు ఖాళీ గట్టుకి చెబుతూనే ఉన్నారు.

నీడ తగలగానే పిల్ల ఊరుకుంది.

"అమ్మయ్య! పదండి, మళ్లీ పోయి విందాం" అంది బాతు.

అందరి మొహాలూ మాడిపోయాయి.

"తొందరేముంది వదినా!" అంటూ గేదె ఎండ్రకాయకి సైగ చేసింది.

ఎండ్రకాయ పిల్లని మెల్లగా గిల్లింది.