సరేకి రాసిచ్చిన ఆస్తి

"మేడమ్, టీసీ కావాలి."

మూడే మూడు ముక్కలు. పొద్దున పళ్లు తోముకుంటూ అద్దం ముందు నాలుగైదుసార్లు అని చూసుకుంది. అద్దంతో అయితే తడబడకుండానే చెప్పింది.

ఆ పిల్లని బడిలో అందరూ 'సరే' అని పిలుస్తారు. అసలు పేరు హాజరుపట్టీకే తెలుసు. నోట్లో నాలుక లేని పిల్ల. పెన్ను అడిగితే సరే, డబ్బాలో సగం పెట్టమంటే సరే, నల్లబల్ల నువ్వే తుడవమంటే సరే. తొమ్మిదో తరగతి అయిపోయింది గానీ ఇంతవరకూ ఎవరినీ కాదన్న పాపాన పోలేదు.

పట్నంలో పిన్ని ఓ పెద్ద బడిలో సీటు మాట్లాడి పెట్టింది. టీసీ ఇవాళ చేతికి రాకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది. "నువ్వే అడుగు తల్లీ. మేడమ్ మొహం చూసి నేనడగలేను," అనేసింది అమ్మ. పిన్ని గేటు బయట స్కూటర్ మీద కూర్చుని ఉంది.

తీరా వచ్చేసరికి హాల్లో పదో తరగతి వాళ్ల వీడ్కోలు సభ. వెళ్లిపోయేవాళ్లు ఒక్కొక్కరే మైకు ముందుకొచ్చి, తమ ఆస్తిపాస్తులు కింది తరగతికి రాసిచ్చి పోవడం ఆ బడి అలవాటు. వెనక కుర్చీల్లో వాళ్ల అమ్మానాన్నలు నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. సరే ముందు బెంచీ చివర కూర్చుంది. పక్క కుర్చీలో పెద్ద మేడమ్. అడగడానికి ఇంతకంటే మంచి చోటు ఎక్కడుంటుంది?

"మేడమ్..."

"ఉండవే, మొదలవుతోంది," అంది మేడమ్.

మొదట పొడుగు వచ్చాడు. వాలీబాల్ కెప్టెన్. గాలి పోయిన బంతిని పైకెత్తి చూపించాడు. "ఈ బంతినీ, నా కెప్టెన్ పదవినీ సరేకి రాసిస్తున్నాను. జట్టు మాట వినకపోతే కోప్పడాలి. కోప్పడ్డం రాకపోతే కనీసం మూతి ముడుచుకోవాలి."

అందరూ నవ్వారు. సరే లేచి వెళ్లింది. 'నాకెందుకు, నేను వెళ్లిపోతున్నా' అనాలనుకుంది. "సరే," అంది. ఇంకా నవ్వారు.

తర్వాత చిలక. ఎవరి గొంతైనా అచ్చు దించేస్తుంది. బడికి రానివాళ్ల బదులు 'ప్రెజెంట్' పలకడంలో దిట్ట. "ఈ విద్యని సరేకి ధారపోస్తున్నాను. రోజుకి ఇద్దరికి మించి పలక్కు, దొరికిపోతావ్."

"దొంగ పిల్లా, నువ్వా ఆ పని చేసింది," అంది మేడమ్.

"మళ్లీ నాకేనా?" అని నసిగింది సరే.

"నువ్వయితే కాదనవు కదే," అంది చిలక.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అన్నారా. గుండు వచ్చి గోడవార చివరి బెంచీ రాసిచ్చాడు, ముందువాడి వీపు చాటున నిద్రపోయే హక్కుతో సహా. "వీపు వెడల్పుగా ఉన్నవాణ్ణి చూసి కూర్చోబెట్టుకో," అని సలహా కూడా ఇచ్చాడు. తను తలకింద పెట్టుకునే చిరుగుల సంచీ ఆమె చేతిలో పెట్టాడు. బూజు వాసనొచ్చింది.

ఆఖరున కవలలు. పుట్టినప్పట్నుంచీ కొట్టుకుంటూనే ఉన్న అక్కాచెల్లెళ్లు.

"మా పోట్లాట సరేకి," అంది అక్క. "విరామంలో ఒకటి, ఇంటికెళ్లేటప్పుడు ఒకటి. మానకూడదు."

"ఎవరితో?" అంది సరే.

హాలు గొల్లుమంది. అక్క మాత్రం నవ్వలేదు. "మానకే, బడి బోసిపోతుంది," అనబోయి సగంలో ఆగిపోయింది. చెల్లెలు మైకు లాక్కుని, "చూశారా, నేను మాట్లాడాల్సింది కూడా ఇదే మింగేసింది," అంటూ కప్పిపుచ్చింది.

సరే వచ్చి బెంచీ మీద కూర్చుంది. ఒళ్లో బంతి, సంచీ. నెత్తిన పదవి, విద్య, బెంచీ, పోట్లాట. ఒక్కటీ తను అడిగింది కాదు. ఒక్కటీ వద్దనలేకపోయింది. ఇన్ని పుచ్చుకున్న నోటితో టీసీ ఎలా అడగడం? తన మీద తనకే ఒళ్లు మండింది. ఆ వెనకే ఏడుపూ వచ్చింది.

గేటు దగ్గర పిన్ని హారన్ కొట్టింది.

సభ ముగిసింది. కావలించుకోవడాలు, ఫొటోలు, మళ్లీ కావలించుకోవడాలు. పొడుగు అంతటివాడు గేటు పట్టుకుని ఏడ్చాడు. కాసేపటికి హాలు ఖాళీ అయింది. మేడమ్ చీపురు తీసుకుని తనే ఊడవడం మొదలుపెట్టింది. సరే బెంచీ దగ్గరే నిలబడి ఉంది.

"ఇందాక ఏదో అడగబోయావు?" అంది మేడమ్.

"అవును మేడమ్... టీ..."

"టీ తాగుతావా? కూర్చో, పెడతాను. నేనూ నిన్నొకటి అడగాలి. ఈ సెలవుల్లో తరగతి గదికి రంగు వేయిస్తున్నా. ఏ రంగు బాగుంటుంది? నువ్వు చెప్పిందే వేయిస్తా."

మేడమ్ చీపురు పట్టుకుని జవాబు కోసం చూస్తోంది. నుదుటి మీద చెమట, చెంపన దుమ్ము. ఈ ఒక్క రోజులో ఆవిడకి పదేళ్లు పైబడ్డట్టున్నాయి.

బయట హారన్ మళ్లీ మోగింది. ఈసారి ఆగకుండా మోగింది.

"నీలం మేడమ్," అంది.

"సరే," అంది మేడమ్. నవ్వి మళ్లీ ఊడవసాగింది.

హారన్ ఆగిపోయింది. స్కూటర్ స్టార్టయిన చప్పుడు, ఆ తర్వాత అదీ లేదు. సరే గాలి లేని బంతిని పొట్టకి అదుముకుని బెంచీ మీద కూలబడింది.

ఒక్క పిల్ల చదువుతున్నా బడి మూయకూడదని పైవాళ్ల ఉత్తర్వు. పదో తరగతి గేటు దాటిన ఆ సాయంత్రం నుంచి ఆ బడిలో మిగిలిన ఒక్క పిల్లా సరేనే.