ముట్టనియ్యని మిషిన్

కంప్యూటర్ సెంటర్ల పాఠం చెప్పే సామ్యూల్ సార్ ఇంటర్నెట్ వచ్చే ఫోన్ వైరు పీకేసిండు. షమ్షున్నీసా ముందు తెర ఆగిపోయింది.

“ఎవలనడిగి ముట్టినవ్?”

“రెండు నెలలసంది కమాండ్లన్నీ బోర్డు మీదనే రాయిస్తున్నరు సార్! నేర్చుకునేటోళ్లకని ఏ దేశమోళ్లో వాళ్ల కంప్యూటర్ల నాకు ఉట్టిగ ఖాతా ఇచ్చిన్రు. నా మొఖం గూడ చూడలె. గీడ కమాండ్ కొడితె గాడ పనిచేస్తది. మీరేమో సిద్దిపేటల ఉన్న మిషినే ముట్టనియ్యరు!”

పక్క గదిలోళ్లకు వినపడొద్దని సార్ తలుపు దగ్గరికేసిండు.

“నేను నేర్చింది గూడ బోర్డు మీదనే,” అన్నడు మెల్లగ. “ఒక్క కమాండ్ గూడ కొట్టి చూడలె. మీరేమన్న అడిగితె దొరికిపోతనని ముట్టనియ్యలె.”

షమ్షున్నీసాకు ఒళ్లు మండింది.

“రాదని చెప్తె కలిసి నేర్చుకుంటుంటిమి గద సార్!” అని కస్సుమన్నది. కస్సుమంటనే పక్కకు జరిగి, ఆయనకు జాగ ఇచ్చింది.