మలుపు దగ్గర తోపులాట

అడవిలో మడుగు చుట్టూ ఏటా పరుగుపందెం జరిగేది. గెలిచినవాడి కుటుంబమే ఎండాకాలమంతా ముందుగా నీళ్ళు తాగేది. అందుకే అడవిపందీ దుప్పీ ప్రాణాలకు తెగించి పరిగెత్తేవి. తీర్పరి నెమలి.

ఆ ఏడు ఇరుకు మలుపులో పంది దుప్పిని భుజంతో తోసేసి గెలిచింది.

"రౌడీవేషాలా? నీ గెలుపు చెల్లదు పో!" అంది నెమలి. తప్పు తనదేనని పంది ఒప్పుకుంది.

మరుసటి ఏడు దుప్పి పందిని ముళ్ళపొదలోకి నెట్టి గెలిచింది.

"ఆహా, ఎంత సొగసుగా దూసుకొచ్చావయ్యా!" అంది నెమలి.

పందికి ఒళ్ళు మండింది. "నేను తోస్తే రౌడీతనం, వాడు తోస్తే సొగసా?"

"నువ్వు కోరలు బయటపెట్టి మరీ తోశావు."

"అవి ఎప్పుడూ బయటే ఉంటాయి స్వామీ! ఎక్కడ దాచుకోను?"

దుప్పికి ముందు నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది. "తీర్పరిగారూ, నేను కావాలనే నెట్టాను. నా గెలుపూ కొట్టెయ్యండి."

"తీర్పు మారిస్తే నా పరువేం కాను?" అంటూ నెమలి పురి విప్పింది.

పందీ దుప్పీ మొహమొహాలు చూసుకున్నాయి. రెండూ కలిసి ఒక్క తోపు తోశాయి. నెమలి వెళ్ళి బురదలో బోర్లా పడింది.

"మీరిద్దరూ ఇక జన్మలో పందెం పరిగెత్తడానికి వీల్లేదు!" అని అరిచింది.

"విన్నావా బావా?" అంది పంది సంబరంగా. "ఇన్నాళ్ళకు ఇద్దరికీ ఒకే శిక్ష పడింది!"

ఆ వేసవంతా రెండు కుటుంబాలూ పక్కపక్కనే నిలబడి నీళ్ళు తాగాయి.